పల్లపునేల, వాననీరు, కలుపుమొక్కలు

(పాఠశాల తల్లిదండ్రుల సభయందు మైదానపు ఉపసంఘము పక్షమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ వేదికమీద సాధారణముగా భాషనుగూర్చియో, పరీక్షా ఫలితములనుగూర్చియో మాటలాడుట వాడుక. మేము మాత్రము మన ఆటస్థలపు ఈశాన్య మూలనున్న 60 చదరపు మీటర్ల పల్లపునేలనుగూర్చి మాటలాడుటకు నిలిచితిమి. పెద్దలు మన్నింపవలెను.

ఆ మూల మీరెల్లరును ఎరిగినదే. గత కార్తికమాసమున రెండు వారములపాటు పిల్లలు గేటునుండి మెట్లవరకు పరచిన ఇటుకలమీదుగా, ఒకరి చేయి ఒకరు పట్టుకొని నడచిరి. ఆ దృశ్యము చూచి మనసు కరగిన దాత యొకరు మైదానమంతయు సిమెంటు పలకలు పరపించెదనని ముందునకు వచ్చిరి. మరికొందరు పెద్దలు, రెండు లారీల మట్టి తోలించి పల్లము పూడ్చిన చాలునని చెప్పిరి. ఏది మేలో విచారించి తెల్పుడని సంఘమువారు మాకు ఒప్పగించిరి.

మా అభిప్రాయమును దాచక ముందే చెప్పివేయుదుము. ఆ పల్లమును పూడ్పవలదు. మైదానమునకు సిమెంటు పరపవలదు. పల్లమును ఇంకొక జానెడు లోతు చేసి, ఈ నేలకును ఈ వానకును అలవాటుపడిన మొక్కలు అందు నాటి, నీటిని అచ్చటనే ఇంకనీయవలెను. ఈ మాట మొదట ఒకరిద్దరు తల్లిదండ్రుల చెవిని వేయగా, "అయ్యా, బడిలో కలుపు పెంచుదురా? రేపు శుభ్రము చేయుమని నోటీసు వచ్చిన ఎవరు జవాబుదారి?" అని అడిగిరి. న్యాయమైన ప్రశ్న. మా ప్రసంగములో సగము దానికి సమాధానమే.

మొదట లెక్క చూతము. ఒక చదరపు మీటరు నేలమీద ఒక మిల్లీమీటరు వాన పడిన ఒక లీటరు నీరగును. మన పాత భవనపు మిద్దె 400 చదరపు మీటర్లు. 30 మిల్లీమీటర్ల వాన, అనగా చెన్నపట్టణమున ఐప్పసి మాసములో ఒక గంటలో కురియదగు వాన, పడినచో ఆ మిద్దెమీదనుండి దిగు నీరు 12,000 లీటర్లు. ఒక పెద్ద నీటి లారీ నిండుగా పట్టునంత. ఆ లారీని డబ్బిచ్చి పిలిపించుకొన్న వేసవులు మనలో ఎవ్వరును మరచియుండరు. 60 చదరపు మీటర్ల పల్లమును 20 సెంటీమీటర్ల లోతు చేసినచో అందు పట్టునదియు సరిగా 12,000 లీటర్లే. మేము ఈ లెక్కను కావలెనని కుదిర్చినది కాదు. ఆ మూల తానుగా అంత యున్నది.

ఈ నగరపు వాన సంగతి విచిత్రమైనది. సంవత్సరమునకు సుమారు 1,400 మిల్లీమీటర్లు కురియును. అందు సగమునకు మించి అక్టోబరు మొదలు డిసెంబరు లోపలనే, అదియు కొలదిదినములలోనే, కుండపోతగా పడును. తక్కిన మాసములలో నింగికేసి చూచుటయే. 2015 డిసెంబరు 1, 2 తేదీలలో అడయారు పొంగి మేడలమీదికి పడవలు వచ్చినవి. మరి నాలుగేండ్లు తిరుగకముందే, 2019 వేసవిలో, నగరమునకు నీరిచ్చు జలాశయములు ఎండి, జూలై 12న జోలార్‌పేట నుండి రైలుబండిలో త్రాగునీరు తెప్పించుకొనవలసి వచ్చెను. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను నాడు మరల వరదయే. మునుగుటయు, దాహముతో అలమటించుటయు ఒకే ఊరికి ఒకే దశాబ్దములో కలిగినవి.

ఇందు మనకు ఒక బంధుత్వము కూడ కలదు. 1983లో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ప్రభుత్వములు చేసికొన్న ఒడంబడిక ననుసరించి తవ్విన తెలుగుగంగ కాలువద్వారా, కండలేరు మీదుగా, కృష్ణానది నీరు 1996లో పూండి జలాశయమునకు చేరినది. మన పిల్లలు కుళాయి త్రిప్పినపుడు కొన్ని మాసములలో వచ్చునది వారి పూర్వుల నది నీరే. శ్రీశైలమునుండి వందలాది కిలోమీటర్లు కాలువలు తవ్వి తెచ్చుకొను నీరు ఒకవైపు. మన మిద్దెమీద ఉచితముగా పడి, మోరీలోబడి సముద్రమునకు పోవు నీరు ఒకవైపు. ఈ రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో సిమెంటు పలకలమీద మాకు ఉత్సాహము తగ్గినది.

మట్టి తోలించి పల్లము పూడ్చు ఆలోచనకు మా అభ్యంతరము వేరు. నీరు పల్లమును వెదకికొనును. ఒక పల్లము పూడ్చిన ప్రక్క పల్లమునకు పోవును. ఈ నగరమే అందుకు సాక్ష్యము. ఇప్పుడు త్యాగరాయనగరము ఉన్నచోట పూర్వము మైలాపూరు పెద్దచెరువు ఉండెడిది. ఆంగ్లేయులు దానిని పొడుగుచెరువు అనిరి. 1920వ దశకమున ఆ చెరువు నేలమీదనే ఆ పేట వెలసినది. అప్పటి ముఖ్యమంత్రి పానుగంటి రామరాయణింగారు, అనగా పానగల్ రాజావారు, తెలుగువారు. ఎవరి పేర ఆ పేట వెలసినదో ఆ పిట్టి త్యాగరాయ సెట్టిగారును తెలుగువారే. ఇండ్లు లేని ప్రజలకు ఇండ్లు కల్పించిన పని. వారిని మేము నిందింపము. అయితే వానకు ఆ సంగతి తెలియదు. నేటికిని అది తన చెరువును వెదకికొనుచు ఉస్మాన్ రోడ్డులో నిలుచుచున్నది. పడమటి మాంబళములో లేక్ వ్యూ రోడ్డు, నుంగంబాక్కములో ట్యాంక్ బండ్ రోడ్డు ఈనాటికిని ఉన్నవి. చూచుటకు సరస్సును లేదు, నడచుటకు గట్టును లేదు.

మన పాఠశాల వెనుక సందు మన మైదానముకంటె ఒక అడుగు పల్లము. ఆ సందులో ఇరువది గడపలు. మన ఆయా ఇల్లును అందే. మన మైదానమున సిమెంటు పరచిన నాడు, ఇప్పుడు మట్టిలో ఇంకుచున్న కొద్దిపాటి నీరును గోడక్రింది తూములనుండి ఆ ఇండ్లలోనికే పోవును. మన పిల్లల బూట్లు తడియకుండుటకై మరియొకరి పొయ్యి తడుపుట మనకు తగదని మా భావము. దాతగారితో ఈ మాట చెప్పితిమి. వారు సహృదయులు, ఆలోచించెదమనిరి.

ఇక మొక్కలేల, ఉత్త గుంట చాలదా యని అడుగవచ్చును. ఉత్త గుంట మొదటి సంవత్సరము బాగుగనే పనిచేయును. తరువాత వాననీటితో వచ్చు సన్ననిమట్టి అడుగున పేరుకొని, ఎండకు పెచ్చుకట్టి, కుండపెంకువలె నగును. మొక్క వేరు ఆ పెచ్చును చీల్చును. పాత వేరు చచ్చినచోట సన్నని గొట్టమువంటి దారి ఏర్పడును. ఆ దారిని నీరు దిగును. వానపాములు దానిని వెడల్పు చేయును. ఆకులు వాన చినుకు దెబ్బను కాచుకొనును. కాండములు నీటి వేగమును తగ్గించి మట్టిని, నూనెజిడ్డును అచ్చటనే ఆపును. 2003లో తమిళనాడు ప్రభుత్వము ప్రతి కట్టడమునకు వాననీటి సేకరణ తప్పనిసరి చేసిన తరువాత ఊరంతట ఇంకుడుగుంటలు తవ్విరి. అది మంచి చట్టము. కాని గులకరాళ్ల గుంటకు ఏటేటా పూడిక తీయు మనిషి కావలెను. వేళ్లున్న గుంటకు ఆ పనిలో కొంతభాగము వేళ్లే చేసికొనును.

మా పాఠశాల మట్టి దీనికి తగునా యని పరీక్షించితిమి. అడుగు లోతు గుంట తీసి, నీరు నింపి, అది ఇంకినపిదప మరల నింపి, కొలబద్ద నిలిపి చూచితిమి. పైన అడుగున్నర మందము భవనము కట్టినపుడు తోలిన జిగటమట్టి. పిల్లల పాదములక్రింద, బస్సు చక్రములక్రింద అణగి గట్టిపడినది. దాని క్రింద ఇసుక. ఆ పై పొర గుచ్చి కదిలించి, ఇసుకయు పశువుల ఎరువును కలిపినచో, నిండిన పల్లము ఒకటిన్నర దినములో ఇంకునని మా అంచనా. నగరమునకు పడమటనున్న గట్టి బంకమట్టి నేలలలో ఇంత సులభము కాదు. ఇండ్లలో ఈ పని చేయదలచినవారు ముందు ఈ పరీక్ష చేసికొనవలెను.

ఇప్పుడు కలుపు మాటకు వత్తము.

ప్రభుత్వమువారికి కలుపుమీద అధికారము క్రొత్తది కాదు. మదరాసు రాజధానిలో 1919లోనే పంటచీడలను, తెగుళ్లను, హానికరములైన కలుపుమొక్కలను అరికట్టుటకు చట్టము వచ్చినది. ప్రభుత్వము ఏదేని మొక్కను హానికరమని ప్రకటించినచో, తన నేలలో దానిని తీసివేయుట ఆ నేల అనుభవించువాని విధి. పురపాలక సంస్థలకు ఉన్న అధికారము మరియొకటి: స్థలములలో పొదలు పెరిగినను, నీరు నిలిచి దోమలు పుట్టినను, శుభ్రము చేయుమని స్వంతదారునకు నోటీసు ఈయవచ్చును. ఈ రెండింటిని జనులు ఒకటిగా కలిపి తలచుచున్నారు. మొదటిది మొక్క పేరునుబట్టి వచ్చునది. రెండవది మొక్కయున్న స్థితినిబట్టి వచ్చునది. ఈ భేదము తెలిసినచో మనకు సగము భయము తీరును.

పేరునుబట్టి తొలగింపవలసిన వానిలో మొదటిది సర్కారుతుమ్మ. తమిళులు సీమై కరువేలమందురు. ఇది జమైకానుండి వచ్చిన విత్తనములతో 1877లో మన కడప జిల్లా కమలాపురమునందే మొదట నాటబడినది. వంటచెరకు కొరకని తెచ్చిరి. చెరువులు, వాగులు దాని పాలైనవి. మదరాసు ఉన్నత న్యాయస్థానపు మదురై శాఖ 2017లో దానిని నిర్మూలింపుమని ఉత్తర్వులిచ్చినది. ఆ వ్యాజ్యము పలు మలుపులు తిరిగినది గాని, 2022లో తమిళనాడు ప్రభుత్వము పరదేశపు దురాక్రమణ మొక్కలనుగూర్చి ఒక విధానమునే ప్రకటించినది. మన గోడవెంట ఇట్టివి మూడు మొక్కలున్నవి. వానిని వేళ్లతో పెకలింపవలెను. నరికిన చాలదు, మోడు మరల చిగిర్చును.

రెండవది తలంబ్రాల చెట్టు. పేరు మంగళకరము, పువ్వు అందము. పుట్టినది అమెరికా ఖండపు ఉష్ణదేశములలో. మన అడవులను క్రమ్మివేసినది. మూడవది వయ్యారిభామ. 1950వ దశకమున పూనా ప్రాంతమున వృక్షశాస్త్రజ్ఞుల కంటబడి, అచ్చటినుండి దేశమంతట ప్రాకినది. దాని పుప్పొడి వలన పిల్లలకు దద్దురులును ఉబ్బసమును కలుగును. పుష్పింపకముందే చేతులకు తొడుగులు వేసికొని పీకవలెను. ఆ పనికి పిల్లలను పంపరాదు. గుర్రపుడెక్క సంగతి చెప్పనే అక్కరలేదు. ఒక్కొక్క మొక్కకు మనవారు పెట్టిన పేర్లు చూడుడు: ఇన్ని అందమైన పేర్లు పెట్టి ఇంట చేర్చుకొన్న జాతి మరియొకటి ఉండదేమో!

రెండవ విధమైన నోటీసు, అనగా స్థితినిబట్టి వచ్చునది, కొంత చిక్కైనది. 'పొద' యనగా ఎంత ఎత్తు? ఎవరికి తెలియును? ఈ చిక్కు మనకంటె ముందు అమెరికాలో బాగుగా నలిగినది గనుక రెండు మాటలు చెప్పుదుము. అచ్చట ఇంటిముందు గడ్డి ఇన్ని అంగుళములకు మించరాదని ఊరూరను నిబంధనలు కలవు. మించినచో జరిమానా. విస్కాన్సిన్ రాష్ట్రములోని న్యూ బెర్లిన్ పట్టణమున ఒకరు తన నేలలో సహజమైన పచ్చికను పెరుగనీయగా, పన్నెండు అంగుళముల నిబంధన చూపి పట్టణమువారు వ్యాజ్యము వేసిరి. 1976లో న్యాయస్థానము నేలవాని పక్షముననే తీర్పు చెప్పినది. ఆ పచ్చిక అగ్నిభయము గాని ఎలుకల బెడద గాని కాదని తెలిసినవారు సాక్ష్యమిచ్చిరి.

తరువాత 1990 ప్రాంతమున మేరీలాండు రాష్ట్రములో, క్రొత్తగా కట్టు ఇండ్లముందు మొక్కలతోకూడిన లోతులేని పల్లములు తీసి, మిద్దెనీటిని అందులోనికి మళ్లించు పద్ధతి మొదలుపెట్టిరి. వానతోటలని వానికి పేరు. మిన్నెసోటా రాష్ట్రములో బర్న్స్‌విల్ అను ఊరిలో 2003లో ఒకే వీధివెంట పదునేడు వానతోటలు వేసి, ఆ వీధినుండి మోరీలోనికి పోవు నీటిని కొలిచిరి. సుమారు 90 శాతము తగ్గినది. అయితే వానతోటలో మొక్క అంగుళముల లెక్క వినదు. ఒకవైపు వాననీటి శాఖవారు నాటుమందురు. మరియొకవైపు కలుపు శాఖవారు కోయుమందురు. ఈ తగవు చాలకాలము సాగి, 2023లో మిన్నెసోటా శాసనసభ ఒక చట్టము చేసినది. ఆలోచించి నాటినదియు, పోషణలో ఉన్నదియు అగు తోటను, వానతోటతో సహా, పట్టణములు అనుమతింపవలెను; అందు మొక్కలు ఎనిమిదంగుళములు మించి పెరిగినను, గింజ పట్టినను దోషము కాదు; కాని హానికరమని ప్రకటించిన కలుపు ఒక్కటియు ఉండరాదు; పట్టించుకొనక వదలివేసిన గడ్డినేలకు ఈ రక్షణ లేదు.

ఈ చట్టము మనకు వర్తింపదు. మన పురపాలక నిబంధనలు సాధారణముగా అంగుళములు లెక్కింపవు కూడ. అయినను దాని మూడు మాటలు మాకు నచ్చినవి: ఆలోచించి నాటుట, పోషించుట, హానికరమైనది ఉంచకుండుట. తనిఖీకి వచ్చిన ఉద్యోగి మన మూలను చూచి, ఇది ఎవరో చూచుకొనుచున్న నేల యని అరనిమిషములో గ్రహింపగలిగినచో నోటీసు వ్రాయడు. గ్రహింపలేకపోయినచో, అందున్నది సంజీవనియైనను అది ఆయన కంటికి పిచ్చిమొక్కయే. తప్పు ఆయనది కాదు.

ఏయే మొక్కలు? ఇచ్చట కొంత విస్తరించి చెప్పుటకు అనుజ్ఞ వేడుచున్నాము. ఎందుకనగా 'దేశవాళి' అను మాట ఒక్కటే చాలదు. తుంగ దేశవాళిదే. తుంగముస్తలు వైద్యులకు ప్రీతిపాత్రములే. కాని తుంగను ఈ మూలలో వదలినచో రెండేండ్లలో మైదానమంతయు దానిదే, రైతునడిగిన చెప్పును. జమ్ము దేశమున ఉన్నదే, నీటిని శుద్ధి చేయునదే. చెరువులో ఉండవలసినది, బడిలో కాదు. రెల్లు మనిషెత్తు మించి పెరుగును. శరత్కాలపు రెల్లుపూవు ఎంత అందమైనను ఈ చిన్నచోట మేము దానిని కోరము. దేశవాళిదై, మితము తెలిసినదై, నాలుగు దినములు తడిని, ఆరు మాసములు ఎండను ఓర్చునదై యుండవలెను.

అట్టివానిలో మా మొదటి ఎంపిక వట్టివేరు. వేసవిలో తడికలుగా కట్టి నీరు చల్లుకొన్న ఇండ్లు మనలో ఎన్నియో! కుండనీళ్లలో వేసికొన్న ఆ వేరే. ప్రక్కలకు ప్రాకక నిట్టనిలువున దిగుట దాని గుణము; మంచినేలలో రెండు మూడు మీటర్లు దిగును. దక్షిణదేశమున సాగుచేయు రకము గింజవలన వ్యాపింపదు. పిలకలు విడదీసి నాటవలెను. కనుక మనము నాటినచోటనే యుండును. మిద్దెనీరు పల్లములో దిగుచోట దీనిని రెండు వరుసలు దగ్గరగా నాటిన నీటి వేగము ఆగును. ఆకు ఏడాదికి రెండుమార్లు మోకాలెత్తునకు కోయవలెను.

అడుగుభాగమున, ఎక్కువ తడి నిలుచుచోట, సరస్వతి ఆకు, నీరుబ్రాహ్మి. తమిళులు మొదటిదానిని వల్లారై, రెండవదానిని నీర్‌బ్రమి అందురు. రెండును నేలనంటి ప్రాకునవి, కోతయక్కర లేదు. పిల్లల జ్ఞాపకశక్తికి మంచివని అమ్మమ్మలు చెప్పుదురు. పరీక్షలనాడు ఆ మడి బోడిగా నుండునేమో యని మాకు చిన్న అనుమానము. కాని నేలకు దిగు నీరు మిద్దెదైనను, దానిలో పక్షిరెట్టయు దుమ్మును ఉండును గనుక ఈ మడిలోని ఆకు తినరాదని బోర్డు పెట్టవలసియుండును.

పొన్నగంటికూరనుగూర్చి తల్లులకు ఒక హెచ్చరిక. తడినేలలో అచ్చముగా దానివలెనే యుండు దక్షిణ అమెరికా మొక్క యొకటి మన చెరువులలోను కాలువలలోను చేరినది. దాని తెల్లనిపూవు పొడుగుకాడ చివరను ఉండును; కాండము బోలుగా నుండును. మన పొన్నగంటి పూవు కాడలేక ఆకుచంకలోనే అంటుకొనియుండును. మొదటిది కనబడిన వెంటనే ముక్క మిగులకుండ తీసి ఎండబెట్టవలెను. కణుపు ఒక్కటి మిగిలినను మరల మొలచును.

వాలుమీద గరిక. వినాయకచవితినాడు మనము పూజకు వెదకికొను గరికయే. పిల్లల పాదములను ఓర్చునది. గట్టుమీద వావిలి, అనగా నొచ్చి. అడ్డసరము, అనగా ఆడాతోడై. ఇవి రెండును మేకలు ముట్టనివి, కత్తిరించిన కంచెవలె నిలుచునవి. వావిలాకు పొగ దోమలను తోలునని ఇరుభాషలవారును నమ్ముదురు. ఆ పొగనే నమ్ముకొని దోమతెర విడువుమని మాత్రము మేము చెప్పము. గట్టుకవతల, గోడకు దూరముగా, ఒక కానుగ. తడికిని ఎండకును ఓర్చు చెట్టు కానుగవంటిది అరుదు. తెల్లమద్దియు ఏటియొడ్డు చెట్టే గాని మన స్థలమునకు మించిన దేహము.

మెట్టతామర నాటుదమని ఒక తల్లి అడిగిరి. పూవు అందమైనది, తడిని ఓర్చును. శాస్త్రీయనామములో భారతదేశపు పేరున్నను అది అమెరికా ఖండపుదే. దానివలన ఇచ్చట హాని లేదు. రెండు దుబ్బులు ఉన్న మేము తగవాడము.

దోమలనుగూర్చి. డెంగీ దోమ గ్రుడ్డునుండి రెక్కలవరకు ఎదుగుటకు సుమారు వారము పది దినములు పట్టును. రెండు దినములలో ఇంకిపోవు నీటిలో అది ఎదుగలేదు. మన బడిలో దోమ పుట్టుచోటు ఆ మూల కాదు; మిద్దెమీద మూతలేని తొట్టి, పూలకుండీల క్రింది పళ్లెములు, సైకిలుషెడ్డు వెనుకనున్న పాత టైర్లు. మూడవ దినమున కూడ పల్లములో నీరున్నచో ఆ మరునాడే గుచ్చి కదిలింపవలెను. ఆ పని మా ఉపసంఘము బాధ్యతగా వ్రాసి యిచ్చుచున్నాము.

పాములనుగూర్చి భయము సహజము. పాము ఎలుకకొరకు వచ్చును. ఎలుక మెతుకుకొరకు వచ్చును. మధ్యాహ్నభోజనపు మెతుకులు ఇప్పుడు పడుచున్నది ఆ మూలనే. ముందు ఆ అలవాటు మానవలెను. తరగతిగోడకు మూడు మీటర్లలోపల ఏ మొక్కయు మోకాలు మించి ఉండరాదని నియమము పెట్టితిమి. పునాదికి తడి తగులకుండుటకు కూడ అదే దూరము కావలెను.

చుట్టును రాతి అంచు కట్టవలెను. జానెడు ఎత్తు చాలును. అంచువెంట అడుగు వెడల్పు నేల ఎల్లప్పుడును శుభ్రముగా నుండవలెను. నిండినపిదప మించిన నీరు పోవుటకు ఒకచోట అంచును తగ్గించి, వీధి కాలువవైపు అలుగు విడువవలెను. ప్రతి మొక్కకును పేరుపలక. తెలుగున, తమిళమున, శాస్త్రీయనామముతో. ఈ పలకలనుగూర్చి మాకు పట్టుదల కలదు. తనిఖీకి వచ్చినవారికి అది జవాబు. మరియొకటి: మేము ఏడవతరగతి పిల్లలను మైదానములోనికి తీసికొనిపోయి పదిమొక్కలు చూపగా, పదింటిలో రెండింటికి తెలుగుపేరు చెప్పిరి, మూడింటికి తమిళపు పేరు చెప్పిరి, తక్కిన ఐదింటిని రెండు భాషలలోను 'గడ్డి' అనిరి. వానకుముందు, అనగా పురట్టాసిలో, పూడిక తీయుట; వాన వెలసినపిదప, తై మాసములో, కోత. ఈ రెండు పనుల తేదీలు పాఠశాల పంచాంగములో అచ్చువేయింపవలెను. కోసిన ఆకు ఎరువుగుంటకు పోవలెను.

ఇది చేయలేని పనిని కూడ చెప్పవలెను గదా. 2015 డిసెంబరు వానలో తాంబరమున ఒక్క దినములో సుమారు 49 సెంటీమీటర్లు కురిసినది. అట్టి వాన మన మిద్దెమీద పడినచో 1,96,000 లీటర్లు. మన పల్లము ఒకసారికి పట్టునది అందు పదునారవవంతు. ఆ దినమున మన తోటయు మునుగును, వీధియు మునుగును. కాని ఏటా పదిసార్లో పదునైదుసార్లో వచ్చు మామూలు వానలకు, పిల్లలను ఇటుకలమీద నడిపించు వానలకు, ఇది చాలును. పళ్లికరణై చిత్తడినేల 2022లో అంతర్జాతీయముగా రాంసార్ గుర్తింపు పొందినది. నగరపు పెద్దవరద సంగతి అట్టి పెద్దనేలలను కాచుకొనుటమీద ఆధారపడియున్నది, ఒక బడి మూలమీద కాదు.

ఖర్చునుగూర్చిన కాగితము అధ్యక్షులవారి చేతికి ఇచ్చితిమి. సిమెంటుపలకల అంచనాలో ఐదవవంతునకు లోపలనే యున్నది. అందును ఎక్కువభాగము రాతి అంచుకే. దాతగారు సమ్మతించినచో తక్కిన ద్రవ్యముతో గేటునుండి మెట్లవరకు, ఇటుకల స్థానమున, ఎత్తైన కాలిబాట యొకటి, క్రింద నీరుపోవు తూములతో, కట్టింపవచ్చును. అప్పుడు పిల్లల బూట్లు తడియవు, సందులో ఇండ్లును తడియవు.

వేసవి సెలవులలో త్రవ్వకము ముగిసి, ఆడిమాసపు జల్లులకు నాట్లు పడినచో, ఐప్పసివానలకు వేరు నిలుచును. ఆలస్యమైనచో ఈ ఏడు కూడ ఇటుకలే. సభ ముగిసినపిదప సమ్మతి తెల్పు కాగితము బల్లమీద నుంచబడును. సమ్మతింపనివారును తమ కారణము అందే వ్రాయగోరెదము, వాని నన్నింటిని కార్యవర్గమునకు చదివి వినిపింతుము. వట్టివేరు పిలకలు, వావిలి కొమ్మలు ఊరినుండి తేగలవారు తమ పేర్లు వ్రాయించుకొనవలెను. త్రవ్వకపు ఆదివారమున ఉదయము ఆరుగంటలకే రావలెను, ఎండ ముదిరినపిదప జిగటమట్టి గడ్డపారకు లొంగదు. పారలు పాఠశాలలో రెండే యున్నవి. వచ్చువారు తమవి తెచ్చుకొనవలెను.